మంత్రాల కథలో మన బిడ్డ వెదకునదేమి?



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి మన ఇండ్లలో చాలచోట్ల గొడవకు కారణమవుచున్నది. హాస్టలులో ఉండి చదువుకొను బిడ్డ సెలవులకు ఇంటికి వస్తూ సంచిలో ఒక లావుపాటి కథల పుస్తకము తెస్తుంది. అట్ట మీద ఒక కోట, ఒక గుడ్లగూబ, చేతిలో మంత్రదండము పట్టుకొన్న పిల్లవాడు. తల్లి దానిని చూచి భయపడుతుంది. "అయ్యగారూ, ఇది మంత్రాల పుస్తకము. విశ్వాసుల బిడ్డలు దీనిని చదువవచ్చునా? పొయ్యిలో పెట్టేదా?" అని అడుగుతుంది. "ఊరికే కథే కదమ్మా" అని బిడ్డ అంటుంది. ఇద్దరి మాటలోను కొంత న్యాయమున్నది. అయితే ఇద్దరూ అడుగని ప్రశ్న ఒకటి మిగిలిపోవుచున్నది. ఆ బిడ్డ ఆ పుస్తకములో దేనిని వెదకుచున్నది?

ముందుగా, ఈ కథలను చూడని పెద్దలకు అవి ఎట్టివో చెప్పెదము. సాధారణముగా కథానాయకుడు తల్లిదండ్రులు లేనివాడు, లేక సొంతవారి చేత త్రోసివేయబడినవాడు. ఇంట్లో అతనికి మంచి మంచము ఉండదు, మంచి మాట ఉండదు. ఒక దినమున తనలో ఏదో శక్తి ఉన్నదని తెలిసి ఇల్లు విడిచి వెళ్తాడు. దారిలో తనవంటివారే మరి కొందరు కలుస్తారు. ఒకరు నల్లనివారు, ఒకరు తెల్లనివారు. ఒకరిది వేరొక భాష. ఒకరికి కాలు కుంటు. ఒకరిని ఊరు వెలివేసినది. రక్తసంబంధము లేని వీరందరు ఒకే కుండలోని కూడు తిని, ఒకరి కొరకు ఒకరు ప్రాణమునకు తెగించి, చివరకు ఒక కుటుంబమవుతారు. 1997లో ఇంగ్లాండులో మొదటి పుస్తకము వెలువడిన హ్యారీ పోటర్ కథ ఇట్టిదే. అది తెలుగులోనికి కూడ వచ్చినది. ఇప్పుడు అట్టి నవలలు అనేక దేశముల నుండి, అనేక జాతుల రచయితల చేతి నుండి వచ్చుచున్నవి.

ఇది మనకు క్రొత్త అనుకొనవద్దు. మన తెలుగువారు మాంత్రికుల కథలతోనే పెరిగినారు. 1947 జూలైలో నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు మద్రాసులో "చందమామ" పత్రికను ప్రారంభించిరి. తెలుగులో చందమామ, అరవములో అంబులిమామ. మన తడ నుండి రైలెక్కితే తరువాతి స్టేషను ఆరంబాకము, అది తమిళనాడు. ఇటువంటి సరిహద్దు ప్రాంతములో ఒక ఇంట్లో చందమామను, ప్రక్క ఇంట్లో అంబులిమామను పెట్టుకొని, భాష వేరైనను ఒకే బొమ్మలను చూచి పిల్లలు ఒకే కథ చదువగలిగెడివారు. ఆ పత్రిక ఇప్పుడు వచ్చుట లేదు గాని, నేటి తాతలు, అవ్వలు దానిని మరువలేదు.

ఆ చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో "తోకచుక్క" మొదలుకొని పన్నెండు పెద్ద సీరియల్ కథలు వ్రాసిరి. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం: పేర్లు వింటేనే ఆ దినముల పిల్లలకు ఒళ్లు జలదరించేది. చిత్ర అను చిత్రకారుడు వాటికి బొమ్మలు వేసేవారు. ఆ కథలలో "ముగ్గురు మాంత్రికులు" అనునది ఒకటి. అందులో పింగళుడు అను యువకుడు చేపలు పట్టి బ్రదుకువాడు. పులికాటు సరస్సులో వల వేయు మన భీములవారిపాలెపు కుటుంబములకు అతని బ్రదుకు వేరే వివరించనక్కరలేదు. అతనికి సొంత అన్నల వలననే కీడు. అతనికి తోడుగా నిలిచినది పద్మపాదుడను మాంత్రికుడు, అనగా పరాయివాడు.

ఈ కథకు మూలము అరబ్బుల వేయిన్నొక్క రాత్రుల కథలలో ఉన్నది. అక్కడ జాలరి పేరు జూదర్. అతడు అన్నలకు అన్నము పెడతాడు. వారు అతనిని ఓడవానికి బానిసగా అమ్మివేస్తారు. దూరదేశపు మాంత్రికుడు అతనికి స్నేహితుడై, ఒక మహిమగల ఉంగరమునిచ్చి ఆదుకొంటాడు.

ఇది చదివినప్పుడు ఆదికాండము 37వ అధ్యాయము ఎరిగిన మనకు ఏమి గుర్తుకు వస్తుంది? యోసేపు గదా! అతనిని కూడ అన్నలే గుంటలో పడద్రోసి, ఇరువది వెండి నాణెములకు వర్తకులకు అమ్మివేసిరి. అతడు కూడ పరాయి దేశములో, పరాయి భాషవారి మధ్య, పరాయి ఇంటిలో బ్రదికెను. సొంతవారు విడిచిన బిడ్డకు పరాయివారి నడుమ చోటు దొరుకుట అను సంగతి చందమామకంటె, అరబ్బు కథకంటె ముందే మన బైబిలులో ఉన్నది. మన బిడ్డలు దానిని ఇష్టపడుటలో వింత లేదు.

ఇక మంత్రము సంగతి. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము, 10 నుండి 12 వచనములలో సోదె చెప్పుట, శకునములు చూచుట, మంత్రించుట, చచ్చినవారియొద్ద విచారణ చేయుట దేవునికి హేయములని స్పష్టముగా ఉన్నది. దీనిలో సందేహము లేదు, సడలింపు లేదు. అయితే ఆ మాట ఎవరితో చెప్పబడినదో చూడండి. మంత్రముచేత తన పని జరిగించుకొనవలెనని చూచువానితో చెప్పబడినది. ఎఫెసులో మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ పుస్తకములను తెచ్చి అందరియెదుట కాల్చిరని అపొస్తలుల కార్యములు 19:19లో చదువుచున్నాము. వాటి వెల యాబదివేల వెండి రూకలు. అవి కథల పుస్తకములు కావు, వృత్తి పుస్తకములు. ఎవరును వారి చేతిలోనుండి లాగికొనలేదు. క్రీస్తును నమ్మిన తరువాత తమంతట తామే తెచ్చి కాల్చిరి. 2001 డిసెంబరులో అమెరికాలోని ఆలమగోర్డో అను ఊరిలో ఒక సంఘమువారు హ్యారీ పోటర్ పుస్తకములను మంటలో వేసిరి. ఆ వార్త లోకమంతట తిరిగినది. అట్టి మంట వలన పుస్తకము బూడిదగునేమో గాని, బిడ్డ హృదయములోని ప్రశ్న కాలిపోదు.

ఎండోరు గుడిసెకు రాత్రివేళ మారువేషముతో వెళ్లిన సౌలు రాజు కథల పుస్తకములు చదివి వెళ్లలేదు. దేవుని మీది నమ్మకము పోయి వెళ్లెను. ఇప్పుడు మన ఇండ్లను చూచుకొందము. బిడ్డ చేతిలోని నవల మీద కోపపడు ఇంటిలోనే, చంటిబిడ్డ మొలతాడుకు తాయెత్తు ఉండుట లేదా? క్రొత్తగా కొన్న ఆటోకు నిమ్మకాయలు, మిరపకాయలు వ్రేలాడుట లేదా? గొలుసు పోయినదని అంజనము వేయించుటకు, జ్వరము తగ్గలేదని భూతవైద్యుని యొద్దకు చీకటిలో వెళ్లువారు మన బల్లలో పాలు పొందువారిలో లేరా? ఆ బిడ్డకు కథలోని మంత్రదండము బొమ్మ అని తెలుసు. మనకు తాయెత్తు బొమ్మ అని తెలియదు. వాక్యము ఎవరిని గద్దించుచున్నదో నిదానించి ఆలోచింపుడి.

మంత్రమును గూర్చిన భయము మరొక ఘోరమును కూడ చేయుచున్నది. ఊరిలో వరుసగా ఇద్దరు బిడ్డలకు జబ్బు చేస్తే "చేతబడి చేసినారు" అను మాట పుట్టుతుంది. ఆ నింద ఎవరి మీద పడుతుంది? పదిమంది కొడుకులున్న ఆసామి మీద పడదు. ఎవరును లేని ముసలామె మీద, విధవరాలి మీద, ఊరి చివర ఒంటరిగా ఉన్న గుడిసె మీద పడుతుంది. మన దేశపు నేరముల లెక్కల పుస్తకములో హత్యలకు కారణములు చూపు పట్టికలో మంత్రవిద్య నెపము ఇప్పటికిని ఒక వరుసగా ఉన్నది. కుటుంబము లేనివారినే ఊరు మంత్రగత్తె అనును. కథలోనైతే అట్టి ముసలామెను ఆ పిల్లలు తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొంటారు. ఏది క్రీస్తు మనస్సుకు దగ్గరగా ఉన్నదో పెద్దలే చెప్పవలెను.

మాయలున్న కథ దేవుని సేవకు పనికిరాదని కూడ తలంచవద్దు. ఇంగ్లాండులో సి.ఎస్. లూయిస్ అను విశ్వాసి 1950 నుండి 1956 వరకు నార్నియా అను దేశమును గూర్చి ఏడు పుస్తకములు వెలువరించెను. వాటిలో మంత్రగత్తె ఉన్నది, మాటలాడు మృగములున్నవి. క్రీస్తు త్యాగమును పిల్లలకు తలపునకు తెచ్చు సింహమును ఉన్నది. మొదటి కథ ఎట్లు ఆరంభమగునో చూడండి. యుద్ధకాలములో లండను మీద బాంబులు పడునను భయముతో నలుగురు తోబుట్టువులను పల్లెలోని ఒక వృద్ధ పండితుని ఇంటికి పంపుతారు. ఇది ఊహ మాత్రమే కాదు. 1939లో యుద్ధము మొదలైనప్పుడు అట్లు పంపబడిన పిల్లలను లూయిస్ తన సొంత ఇంటిలో నిజముగా చేర్చుకొనెను. ఆ తరువాత కొన్ని ఏండ్లకు ఆ కథ వెలువడినది. మొదట తలుపు తెరచెను, తరువాత కలము పట్టెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. బిడ్డ వెదకునది మంత్రదండమా? మేము యౌవనస్థులతో మాటలాడి తెలిసికొన్నంతవరకు, వారి మనస్సును పట్టునది మంత్రము కాదు, ఆ పంక్తి భోజనము. "అక్కడ ఎవ్వరినీ నీదే ఊరు, ఎవరి బిడ్డవు అని అడగరు" అను మాటలో వారి ఆకలి ఉన్నది. తండ్రి పోయి, తల్లి వేరొక ఇంటికి వెళ్లగా మేనమామ ఇంట పెరుగు బిడ్డకు ఈ ఆకలి ఉన్నది. మార్కులు తగ్గినందుకు బంధువుల ముందు చులకన చేయబడిన బిడ్డకును ఉన్నది. నత్తి ఉన్న అబ్బాయికి, పోలియో కాలున్న అమ్మాయికి ఇంకను ఎక్కువగా ఉన్నది.

ఈ ఆకలిని దేవుడు ఎరుగును. ఏకాంతులను ఆయన సంసారులుగా చేయునని 68వ కీర్తన, 6వ వచనము బోధించుచున్నది. సిలువ మీద వ్రేలాడుచు మన ప్రభువు చేసిన పనులలో ఒకటి, తన తల్లికి ఒక కుమారుని, తన శిష్యునికి ఒక తల్లిని అప్పగించుట (యోహాను 19:26, 27). పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 16:13లో రూఫు తల్లి తనకును తల్లియే అని వందనములు చెప్పుచున్నాడు. ఆ తల్లి పేరు కూడ మనకు తెలియదు. అపొస్తలునికి ఆమె చేసిన పరిచర్య మాత్రము మిగిలినది. అంతియొకయ సంఘములోని బోధకుల పేర్లు అపొస్తలుల కార్యములు 13:1లో చదవండి. కుప్ర ద్వీపపు బర్నబా, నీగెరు అనబడిన సుమెయోను, ఆఫ్రికాలోని కురేనేవాడైన లూకియ, హేరోదుతో కూడ పెంచబడిన మనయేను, తార్సువాడైన సౌలు. ఒక రంగు కాదు, ఒక దేశము కాదు, ఒక అంతస్తు కాదు. కలిసి ఉపవాసముండిరి, కలిసి ప్రార్థించిరి. నేటి నవలలు గొప్పగా చెప్పుకొను గుంపు మన సంఘ చరిత్రలో మొదటినుండియు ఉన్నది.

మన ప్రాంతపు సంఘములును ఆ దారిని ఎరుగనివి కావు. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషను తరపున ఆగస్టు మైలియస్ దొర మన ప్రక్కనున్న సూళ్లూరుపేటలో సేవ ఆరంభించెను. ఆ తరువాత తెలుగు నాట మిషనుల బోర్డింగులలో ఎన్ని తరముల బిడ్డలు పెరిగిరో మన పెద్దలకు తెలుసు. ఒకే గంటకు లేచి, ఒకే తొట్టిలో నీళ్లు తోడుకొని, ఒకే అరుగు మీద కూర్చుండి తిన్న ఆ పిల్లలు ముసలివారైన తరువాత కూడ "మేము బోర్డింగు బిడ్డలము" అని ఒకరినొకరు అన్నా, అక్కా అని పిలుచుకొనిరి. అక్కడ కష్టములును ఉండెను, దెబ్బలును ఉండెను. అయినను ఇంటి వద్ద చోటులేని బిడ్డకు అక్కడ ఒక చాప ఉండెను.

ఇప్పుడు ఆ చాప ఎక్కడ? 2008 నుండి మన ప్రక్కనే శ్రీసిటీ లేచినది. అక్కడ చాక్లెట్లు, వాహనములు, మెట్రో రైలు పెట్టెలు తయారగుచున్నవి. ఎన్నో ఊళ్లనుండి, ఇతర రాష్ట్రములనుండియు పద్దెనిమిది, ఇరువది ఏండ్ల బిడ్డలు వచ్చి పని చేయుచున్నారు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉండి, షిఫ్టు దిగి వచ్చి వండుకొని తిని పడుకొంటారు. వారిలో మన విశ్వాసుల బిడ్డలు కూడ ఉన్నారు. ఆదివారమున మందిరమునకు వచ్చి, వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము కాగానే లేచి వెళ్లిపోతారు. వారిని ఎవరు భోజనమునకు పిలిచినారు? "మీది ఏ ఊరు?" అని అడిగి, దాని వెనుక "మీరు ఏమిటోళ్లు?" అని కులము తెలిసికొని, తరువాత గదా పిలుచుటకు సాహసించుచున్నాము! యూదుడని గ్రీసుదేశస్థుడని లేదను వాక్యమును (గలతీ 3:28) మందిరము గోడమీద వ్రాయించుకొన్నాము. ఇంటి వంటగది తలుపు దగ్గర దానిని మరచిపోవుచున్నాము. మన బిడ్డ ఇదంతయు చూచుచున్నది. చూచి, సంఘములో దొరకని పంక్తిని పుస్తకములో చదువుకొనుచున్నది.

అయితే యౌవనస్థులారా, మీతోను ఒక మాట. ఈ కథలలో కొన్ని, సొంత కుటుంబమును విడిచిపెట్టి నచ్చినవారిని ఏరుకొనుటయే స్వాతంత్ర్యమని చెప్పును. హింసించు ఇంటిలో ఉండుమని మేము చెప్పము. అట్టి కష్టములో ఉన్న బిడ్డ తప్పక పెద్దలకు చెప్పవలెను, సంఘము అడ్డము నిలువవలెను. గాని నాన్న కసరినాడని, అన్న అర్థము చేసికొనలేదని వారిని పరాయివారిగా లెక్కింపవద్దు. జూదర్ కథ చివర ఏమైనదో తెలుసునా? అన్ని మహిమలు గల ఉంగరము చేతిలో ఉండినను అన్నలే అతనికి విషము పెట్టి చంపిరి. మంత్రము ధనము తెచ్చినది గాని, అన్నల మనస్సును మార్చలేదు. యోసేపు చేతిలో మాయ ఉంగరము లేదు. ఫరో ఇచ్చిన ముద్ర ఉంగరముండెను, దానిని ధాన్యపు కొట్లు నింపుటకు వాడెను. కరవు వచ్చి అన్నలు తన యెదుట సాగిలపడినప్పుడు, పగ తీర్చుకొనుటకు అధికారమంతయు ఉండగా, గట్టిగా ఏడ్చి, వారిని ముద్దుపెట్టుకొని, వారి బిడ్డలకు సహితము కూడు పెట్టెను. క్రొత్త ఇల్లు దొరికినవాడు పాత ఇంటిని కూడ బ్రదికించెను. ఏ మంత్రదండమును చేయలేని పని అది. దేవుని కృప దానిని చేయును.

తల్లిదండ్రులారా, మీరు చేయదగిన పనులు మూడు చెప్పి ముగించెదము.

మొదటిది: పుస్తకమును లాగికొనవద్దు, అడిగి తీసికొని మీరు చదవండి. చదువురాని తల్లి అయితే రాత్రి భోజనమైన తరువాత బిడ్డచేత కథ చెప్పించుకొనండి. చెప్పుచుండగా బిడ్డ గొంతు ఎక్కడ మారునో గమనించండి. ఆ చోటనే ఆమె గాయమున్నది. మాంత్రికుడు వచ్చుచోట "నిజముగా ఇట్టివానిని నమ్ముకొనవచ్చునా?" అని అడిగి వాక్యము చెప్పండి. చెడు నేర్పు పుస్తకమని తేలితే, కారణము చెప్పి మాన్పించండి. అప్పుడు బిడ్డ మీ మాట వింటుంది.

రెండవది: కథలోని మంత్రమును గూర్చి మాటలాడుటకు ముందు ఇంటిలోని తాయెత్తును తీసివేయండి. బిడ్డ చూచుచుండగా తీసివేయండి. జ్వరమైతే ఆసుపత్రికి వెళ్లండి, ప్రార్థన చేయండి, రెండును దేవుడిచ్చినవే.

మూడవది: రాబోవు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత వెనుక వరుసలోని ఒక్క బిడ్డను మీ ఇంటికి తీసికొని వెళ్లండి. పేరు అడగండి, ఇంకేమియు అడగవద్దు. విందు చేయనక్కరలేదు. ఉన్న అన్నము, చేపల పులుసు చాలును. మీ బిడ్డ ప్రక్కనే, మీ బిడ్డకు పెట్టిన కంచము వంటి కంచములోనే వడ్డించండి.

ఒంటరివారిని ఇంటివారిగా చేయు దేవుడు మీ గుమ్మములను వెడల్పు చేయును గాక. ఆమేన్.